లడ్లోలో కొలత తప్పినావిడ

ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ వైపు వెళ్తే లడ్లో చూడకుండా రాకండి. చిన్న ఊరే. పాత కోట, దాని గుమ్మం ముందే సంత. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో జరుగుతుంది. ఎనిమిదో హెన్రీ రాజుకి అన్నయ్య అయిన ఆర్థర్ 1502లో కన్నుమూసింది ఈ కోటలోనే. అలా కిరీటం తమ్ముడికి దక్కింది.

జనం ఫొటోల కోసం ఎగబడేది 1619 నాటి ఫెదర్స్ భవనం దగ్గర. బాగుంటుంది, కాదనను. నాకు మాత్రం సెయింట్ లారెన్స్ చర్చిలో మడత సీట్ల అడుగున చెక్కిన బొమ్మలు తెగ నచ్చాయి. ఒకదాంట్లో బీరు అమ్మే ఆవిడను దెయ్యం భుజాన తలకిందులుగా వేసుకుని నరకానికి మోసుకుపోతోంది. నేరమేంటంటే, కొలత తక్కువ పోయడం! ఆ కూజా ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. ఒక దెయ్యం పాపాల చిట్టా చదువుతుంటే, ఇంకోటి బ్యాగ్‌పైప్ వాయిస్తోంది. మేళతాళాలతో సాగనంపడమన్నమాట. సంత ఊళ్లో తూకం ఎంత సీరియస్ వ్యవహారమో చూడండి. 15వ శతాబ్దపు చెక్కడం, ఇప్పటికీ నవ్వొస్తుంది.

అన్నట్టు, చర్చి టవర్‌కి 200 మెట్లు. మోకాళ్లను అడిగి ఎక్కండి.