మోటరు ఎట్ల కాలిందో వైండింగే చెప్తది

మొన్న మా బాయికాడి 5 హెచ్‌పీ మోటరు మళ్ల కాలింది, బండి మీదేసుకొని దేవరకొండల వైండింగ్ షాపుకు పోయిన. నేనైతే ఓల్టేజీ తక్కువొచ్చి కాలిందనే అనుకున్న. మెకానిక్ కవర్ ఇప్పంగనే కమురు వాసన గుప్పుమన్నది, "ఇగో చూడన్నా" అని టార్చి కొట్టి సూపెట్టిండు, వైండింగ్‌ల రెండు ఫేజుల తీగ చుట్లు బొగ్గులెక్క నల్లగున్నయి, మూడోదాని వార్నిష్ మాత్రం కొత్తదానిలెక్క మెరుస్తున్నది. మూడు ఫేజుల చుట్ల కొసలు ఒక్కకాడ కలిపే స్టార్ కనెక్షన్‌ల ఒక ఫేజు కరెంటు పోతే మిగిలిన రెండింటి మీదనే లోడంత పడ్తది గదా, గదీ సంగతి. ఓవర్‌లోడైతే మూడూ ఒక్కతీరుగ మాడేటివి, చుట్టుకు చుట్టు షార్టయితే ముందుగాల ఒక్కకాడనే కాల్తది. ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోయి సూస్తే ఒక ఫ్యూజు కొట్టేసి ఉంది. ఒక ఫేజు పోతే మోటరును బంద్ జేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉండె గని ఊకె ట్రిప్పయితుందని పోయినేడు నేనే దాన్ని తప్పించి డైరెక్ట్ చేసిన, ఈ ముచ్చట ఇంట్ల ఇంక చెప్పలె.