ఖాళీ పలకల లెక్క

విజయనగరం జిల్లాలో మా బడి వరండా గోడ మీద ‘విద్య లేనివాడు వింత పశువు’ అని నీలం పెయింటుతో పెద్ద పెద్ద అక్షరాలుండేవి. సరిగ్గా దాని కిందే కూర్చునేవాళ్ళు, కూడబలుక్కుని చదివే ఆరో తరగతి పిల్లలు. బడి వాతావరణం మార్చాలనుకున్నప్పుడు మేం ముందుగా ఆ గోడకి సున్నం వేయించాం. దాని బదులు ఇంకో సూక్తి రాయించలేదు.

విద్యాహక్కు చట్టం 2009లో 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పోయింది సరే, నవ్వు పోలేదు. తప్పు చెబితే క్లాసంతా గొల్లుమంటుందన్న భయం ఉన్నంతకాలం చెయ్యెత్తేది ఆ నలుగురే. మాస్టారు ఆ నలుగురితోనే పాఠం నడిపించి అందరికీ వచ్చేసిందనుకుంటాడు. తప్పు చెప్పినా పరువు పోదని పిల్లలకి నమ్మకం కలగాలి. మేం చేసినవన్నీ అందుకే.

మొదట పలకలు. 35 మందికి 40 కొనాలి, పగిలేవి పగులుతూనే ఉంటాయి. బెంచీకో తడిగుడ్డ. ప్రశ్న బోర్డు మీద రాసి ఒక నిమిషం ఇస్తాం. రాశాక పలక గుండెకి ఆనించుకోవాలి, ‘ఎత్తండి’ అన్నాకే అందరూ ఒక్కసారి ఎత్తాలి. గుండెకి ఆనించడం చిన్న సంగతే గానీ, అది లేకపోతే పక్కవాడిది చూసి తుడిచి మళ్ళీ రాస్తారు. అప్పుడు మనం చూసేది ఒక్కడి జవాబే, 35 చేతిరాతల్లో.

ప్రశ్న ఎంచుకోవడమే అసలు పని. 1/2 + 1/3 ఇస్తే పైవి పైవీ, కిందివి కిందివీ కలిపి 2/5 రాసేవాళ్ళు తప్పక ఉంటారు. ఎవరి పలకో చెప్పకుండా దాన్ని బోర్డు మీద రాసి, ‘ఇలా ఎందుకనిపించి ఉంటుంది?’ అంటాం. ఆ తర్వాత, ‘అర అట్టుకి ఇంకో ముక్క కలిపితే అర కంటే తగ్గిపోతుందా?’ అని అడుగుతాం. 2/5 సగానికి తక్కువని వాళ్ళే పట్టేస్తారు. అప్పుడు ఆరు ముక్కల అట్టు బొమ్మ వేస్తే సగం మూడు ముక్కలు, మూడో వంతు రెండు ముక్కలు, మొత్తం 5/6. కొన్నాళ్ళకి, ‘అది నాదే మాస్టారూ’ అని రాసినవాడే ఒప్పుకుంటాడు.

నోటితో చెప్పించడానికి స్టీలు గ్లాసులో ఐస్‌క్రీం పుల్లలు, పుల్లకో పేరు. ముందు ప్రశ్న, తర్వాత మనసులో ఒకటి రెండు మూడు, ఆపైనే పుల్ల. పేరు ముందే పిలిస్తే మిగతా 34 మందీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. తీసిన పుల్ల మళ్ళీ గ్లాసులోకే వెళ్ళాలి, లేదంటే ఒకసారి చెప్పినవాడికి ఆ రోజుకి సెలవే. నాకు అన్నిటికంటే కష్టమైంది ఆ మూడు లెక్కపెట్టడం. 1970లలో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనించిందీ ఇదే. టీచర్లు సుమారు ఒక్క సెకనే ఆగుతారట, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయట. ‘తెలీదు’ అనొచ్చు. కానీ ఇంకొకరు చెప్పాక మళ్ళీ అదే పిల్ల చేత చెప్పించాలి.

మా వైపు ఇంకో చిక్కు యాస. ‘ఏటి’, ‘సెప్పినాడు’, ‘ఎల్లిపోనాది’ అనగానే సరిదిద్దామా, ఆ పిల్ల వారమంతా నోరు విప్పదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, మర్నాడే ‘ఏటి కాదు, ఏమిటి’ అంటాం! ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఎవరినీ ఆపడం లేదు. రాయించేటప్పుడు మాత్రం బోర్డు మీద రెండు గళ్ళు గీస్తాం, ఇంటి మాటకొకటి, పుస్తకం మాటకొకటి. నవ్వినవాణ్ణి తిట్టం, ఆ మాటని వాళ్ళ మామ్మ ఎలా అంటుందో చెప్పమంటాం.

నోటుపుస్తకాలు 35 ఒక్కరోజే దిద్దితే టిక్కులే మిగులుతాయి. రోజుకి తొమ్మిది చాలు, నాలుగు రోజుల్లో ఒక చుట్టు అయిపోతుంది. తప్పున్న వరుస పక్కన పెన్సిల్ చుక్క పెట్టి వదిలేస్తాం, తప్పెక్కడో పిల్లలే వెతుక్కోవాలి.

తల్లిదండ్రుల సమావేశం పగలు పెడితే కూలి పోతుందని రారు. సాయంత్రం ఆరు దాటాక అరగంట చాలు. మార్కులు చదవం. జూన్‌లో రాసిన పేజీ, సెప్టెంబరు పేజీ పక్కపక్కన పెడతాం. ‘తోలు తీసెయ్యండి మాస్టారూ’ అనే నాన్నలు కూడా ఆ రెండూ తిప్పి తిప్పి చూస్తారు. అమ్మానాన్నలు వలసపోయిన ఇళ్ళ నుంచి మామ్మలొస్తే పిల్ల చేతే చదివి వినిపించాలి.

మేం దెబ్బతిన్నది ఒక్క లెక్కల క్లాసుతోనే మొదలుపెట్టి. మూడో పీరియడులో తప్పు చెప్పి శభాష్ అనిపించుకున్న పిల్ల, నాలుగో పీరియడులో అదే తప్పుకి చీవాట్లు తింటే మూడో పీరియడునీ నమ్మదు. రెండోసారి ముందు టీచర్లం కూర్చున్నాం. శనివారం బడి వదిలాక 20 నిమిషాలు, ఎవరి క్లాసులో ఏ తప్పు పాఠానికి పనికొచ్చిందో అదొక్కటే మాట్లాడుకోవాలి. ఒకరి క్లాసు ఒకరు చూడటం హెచ్చెమ్ క్లాసుతో మొదలవ్వాలి, లేకపోతే తనిఖీ అనుకుంటారు.

రోజూ చూసుకునే కొలత ఒకటుంది. ‘ఎత్తండి’ అన్నప్పుడు ఎన్ని పలకలు ఖాళీగా లేచాయో తేదీ పక్కన రాసుకుంటాం. తప్పు జవాబులు లెక్కలోకి రావు. విజయనగరం పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవం అయ్యాక, సంక్రాంతి అయ్యాక ఆ అంకె మళ్ళీ పెరుగుతుంది. అప్పుడు కొత్త పాఠం ఆపి, రెండు రోజులు అందరికీ వచ్చిన ప్రశ్నలే అడుగుతాం.