గ్రాఫిక్స్ కార్డు యాప్ ఉంచాలా, తీసేయాలా? మా గేమింగ్ సెంటర్‌లో నేను చేసింది

మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో మా బావది చిన్న గేమింగ్ సెంటర్. సిస్టమ్‌ల మంచిచెడ్డలు చూసేది నేను. కొన్నిట్లో ఎన్విడియా కంపెనీ కార్డులు జీటీఎక్స్ 1650, కొన్నిట్లో ఆర్‌టీఎక్స్ 3050 ఉన్నాయి, ఒకదాంట్లో ఏఎండీ కంపెనీ రేడియాన్. ఎండాకాలం సెలవుల్లో సెంటర్ కిటకిటలాడే టైంలో "అన్నా, గేమ్ మస్తు స్టక్ అయితుంది" అని పిల్లల గోల మొదలైంది. బావ అక్కడికక్కడే తేల్చేశాడు: "కార్డుతోని వచ్చే ఆ యాపే తింటున్నది. అన్నిట్లకెల్లి తీసెయ్."

ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఎన్విడియా 2024 నవంబర్‌లో పాత జీఫోర్స్ ఎక్స్‌పీరియన్స్ స్థానంలో ఎన్విడియా యాప్ తెచ్చింది. మరుసటి నెలలోనే, ఓవర్‌లే (గేమ్ మీదే తెరుచుకునే యాప్ మెనూ)లోని గేమ్ ఫిల్టర్ల (బొమ్మ రంగులు మార్చేవి) వల్ల కొన్ని గేముల్లో సెకనుకు వచ్చే ఫ్రేములు 15 శాతం దాకా పడిపోతున్నాయని పరీక్షించినవాళ్లు బయటపెట్టారు. కంపెనీ కూడా ఒప్పుకుని, ఫిల్టర్లు ఆపేసుకోమంది. తర్వాతి వెర్షన్లలో అవి మొదటి నుంచే ఆఫ్‌లో ఉంటున్నాయి. మా దగ్గరున్నది ఆ తర్వాతి వెర్షనే. ఫిల్టర్లు ఆఫ్‌లోనే ఉన్నాయి. మరి స్టక్ ఎక్కడిది?

జీటీఏ 5లో బెంచ్‌మార్క్ టెస్ట్ ఉంటుంది, గేమే తనంతట తాను ఒకే సీన్లు నడిపి ఫ్రేములు లెక్కగడుతుంది. ఓవర్‌లే ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి నడిపించాను. చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టక్ అవుతున్న సిస్టమ్‌ల ముందు కూర్చుని ఆల్ట్-జెడ్ నొక్కి ఓవర్‌లే తెరిస్తే అసలు సంగతి కనిపించింది: ఇన్‌స్టంట్ రీప్లే ఆన్‌లో ఉంది. హెడ్‌షాట్ పడితే దాచుకుందామని పిల్లలే పెట్టుకున్నారు. అది ఆన్‌లో ఉన్నంతసేపూ చివరి కొన్ని నిమిషాల ఆటను డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది. వీడియో తయారుచేసే పని కార్డులోని ఎన్వెంక్ అనే వేరే భాగం చూసుకుంటుంది కాబట్టి ఆ భారం గేమ్ మీద పెద్దగా పడదు. కానీ మా సీ డ్రైవ్ ఎస్‌ఎస్‌డీలు చిన్నవి, అందుకని ఆ ఫైళ్లు పాత హార్డ్ డిస్క్‌లోకి వెళ్తున్నాయి. గేములు ఉన్నదీ అందులోనే. కారు కొత్త వీధిలోకి తిరిగిన ప్రతిసారీ గేమ్ ఆ వీధిని అదే డిస్క్ నుంచి చదువుకోవాలి, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం. రీప్లే ఆపేస్తే అదే వీధి సాఫీగా పోయింది.

అయినా 1650 సిస్టమ్‌లలో యాప్ తీసేశాను. ర్యామ్ 8 జీబీయే, పైగా అక్కడ ఎవరూ రికార్డ్ చేయరు. డ్రైవర్ (విండోస్ చేత కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) వేరు, యాప్ వేరు. విండోస్ యాప్‌ల జాబితాలోంచి అన్‌ఇన్‌స్టాల్ చేస్తే డ్రైవర్, కంట్రోల్ ప్యానెల్ అలాగే ఉంటాయి. దీనికి సేఫ్ మోడ్‌లోకి పోయి డీడీయూ నడపక్కర్లేదు, అది డ్రైవర్నే మొత్తం ఊడ్చేసే పనిముట్టు (యూట్యూబ్‌లో జలుబుకు కూడా డీడీయూయే చెప్పేలా ఉన్నారు). 3050లో ఫ్రేములు పెంచే డీఎల్‌ఎస్‌ఎస్, వాలరెంట్ గేమ్‌లో మౌస్ నొక్కాక వచ్చే ఆలస్యం తగ్గించే రిఫ్లెక్స్ గేమ్ సెట్టింగ్స్‌లోనే ఉంటాయి, యాప్‌తో పనిలేదు. ఇక కార్డుకు తగ్గట్టు గేమ్ సెట్టింగ్స్ తనే పెడతానని యాప్ గొప్పగా చూపించే 'ఆప్టిమైజ్' మీద నాకు మోజు లేదు. మా పిల్లలు కూర్చోగానే సెట్టింగ్స్ అన్నీ 'లో' (తక్కువ)కి మార్చేసుకుంటారు. కొత్త డ్రైవర్ వస్తే ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌తో అన్నిట్లో వేస్తున్నా, ఇన్‌స్టాలర్‌లో డ్రైవర్ మాత్రమే ఎంచుకుని. ఫైలు అర జీబీ పైమాటే. ఎవరికి వాళ్లు దింపుకుంటే సెంటర్ నెట్ అంతా దానికే పోతుంది.

రేడియాన్ కథ వేరు. దాని అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోనే కార్డు సెట్టింగ్‌లన్నీ ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫుల్, మినిమల్, డ్రైవర్ ఓన్లీ అని మూడు అడుగుతుంది. డ్రైవర్ ఓన్లీ అంటే ఆ సెట్టింగ్‌ల ప్యానెలే రాదు. పాలమూరు మే నెల ఎండల్లో ఫ్యాన్ వేగం నా చేతిలో ఉండాలి, అందుకే ఫుల్ ఉంచి ఓవర్‌లే, షార్ట్‌కట్ కీలు ఆపేశాను.

3050లలో యాప్ ఉంది. జడ్చర్ల నుంచి వచ్చే ఒక పిల్లగాడికి ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి క్లిప్పులు కావాలి. వాడికి అది లేకపోతే సెంటర్‌కు రావడమే దండగ. రీప్లే ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌డీకి మార్చాను, రాత్రి షట్టర్ వేసేముందు పాత వీడియోలు డిలీట్ చేస్తున్నా. బావ ఆ సిస్టమ్‌లకు గంటకు పది రూపాయలు పెంచాడు.