బొమ్మ వద్దు, గొంతు కావాలి

అమ్మమ్మ కథలు చెబుతుంటే ఫోన్లో తీసిన వీడియోలన్నీ ఇవాళ ముందేసుకున్నాను. నడుస్తూనో, పని చేసుకుంటూనో వినడానికి బొమ్మతో పనేముంది? గొంతు చాలు.

ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఒకటే: ఏదో కన్వర్టర్ తెరిచి ఎంపీ3 అని నొక్కేస్తారు. నాకు మాత్రం మనసొప్పదు. ఎంపీ4 అనే వీడియో ఫైలు కంటెయినర్, అంటే ఒక డబ్బా మాత్రమే. అందులో బొమ్మ వేరుగా, శబ్దం వేరుగా ఉంటాయి. ఫోన్ వీడియోల్లో ఆ శబ్దం చాలావరకు ఏఏసీ అనే ఫార్మాట్‌లో ఉంటుంది, అంటే అప్పటికే కొంత వదిలేసి కుదించినది. దాన్నే మళ్లీ ఎంపీ3గా మార్చడమంటే జిరాక్స్ కాపీకి మరో జిరాక్స్ తీయడమే. బిట్‌రేట్ (సెకనుకు ఎన్ని కిలోబిట్లు వాడాలన్న లెక్క) 320 కేబీపీఎస్ పెట్టినా పోయింది తిరిగి రాదు, ఫైలు లావెక్కుతుందంతే.

అందుకే ముందు ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనే ప్రోగ్రామ్‌తో ఫైలు లోపల ఏముందో చూశాను. ఏఏసీ, స్టీరియో, 48,000 హెర్ట్జ్. ఇక ఆడియో, వీడియో ఫైళ్లను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి రెండే మాటలు చెప్పాలి: బొమ్మ తీసెయ్, శబ్దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చెయ్. మొదటిదానికి హైఫన్ వీఎన్, రెండోదానికి హైఫన్ సీ కోలన్ ఏ, పక్కన కాపీ. ఎంటర్ కొట్టి ఊపిరి తీసుకునేలోపు శబ్దం మాత్రమే ఉన్న ఎం4ఏ ఫైలు తయారు. మళ్లీ ఎన్‌కోడ్ చేసే (కొత్తగా కుదించే) పని లేదు కాబట్టే ఆ వేగం. 2000లో ఫాబ్రిస్ బెల్లార్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ ఉచితంగానే దొరుకుతోంది. తలుచుకున్నప్పుడల్లా కృతజ్ఞతగా ఉంటుంది.

ఒక వీడియోలో ఫ్యాన్ హోరు బాగా ఎక్కువ. దాన్ని మాత్రం వేవ్ ఫైలుగా తీసి, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచాను. వేవ్‌లో కుదింపు ఉండదు, నిమిషానికి 11 ఎంబీ దాకా తింటుంది. దిద్దుకోవడానికి అదే మేలు. అమ్మమ్మ మాట మొదలుపెట్టకముందు కాసేపు ఉత్త ఫ్యాన్ చప్పుడే ఉంది. ఆ ముక్కను నాయిస్ ప్రొఫైల్‌గా, అంటే తగ్గించాల్సిన చప్పుడుకు నమూనాగా చూపించి, మొత్తం మీద కొద్దిగానే తగ్గించాను. ఎక్కువ తగ్గిస్తే మాట నీళ్లలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. కథకు ముందు వేవ్‌ఫామ్‌లో, అంటే తెరమీద కనిపించే శబ్దం గీతలో రెండు చిన్న గుట్టలు కనిపించాయి. జూమ్ చేసి వింటే, ఒకటి గొంతు సవరించుకోవడం, రెండోది "ఆన్ చేశావా?" అని అడగడం. కథలో భాగం కాకపోయినా కోయలేదు. కోయను కూడా.

అన్నయ్య కార్లోని మ్యూజిక్ ప్లేయర్ ఎంపీ3 తప్ప చదవదు. వాడికోసం మార్చక తప్పదు. మాటే కాబట్టి మోనో (ఒకే చానెల్), 64 కేబీపీఎస్ సరిపోతుంది, నిమిషానికి అర ఎంబీ కూడా కాదు. వాటిని ఎం4ఏ నుంచి చేసి వేరే ఫోల్డర్లో పెట్టాను. అసలు వీడియోలు మాత్రం ఎక్కడున్నవి అక్కడే, ఇంకో హార్డ్ డిస్క్‌లో ఒక కాపీతో సహా.

ఇక మిగిలినవి వీడియో కాల్‌లో రికార్డు చేసిన వెబ్ఎం (ఇంకో రకం కంటెయినర్) ఫైళ్లు. వాటిలో శబ్దం ఉన్నది ఓపస్ అనే వేరే ఫార్మాట్‌లో. ఎం4ఏలోకి కాపీ చేయమంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఒప్పుకోదు, ఓపస్ ఫైలుగానే తీయాలి. ఆ పని రేపు పొద్దున్నే.