నీళ్ల హోరులో దాహం

బైబిలు పఠన పట్టికలో ఆ రోజు భాగం 42వ కీర్తన. చదివాను, పక్కనున్న గడిలో టిక్ పెట్టాను, పుస్తకం మూసేశాను. లేచి నాలుగడుగులు వేశాక, ఇంతకీ ఏం చదివాను అనుకుంటే ఒక్క మాటా గుర్తు రాలేదు. వెనక్కి వచ్చి మళ్లీ తెరిస్తే మొదటి వచనమే వెక్కిరించినట్టు కనబడింది: "దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు దేవా, నీకొరకు నా ప్రాణము ఆశపడుచున్నది." దేవుని కోసం అల్లాడిపోయిన ఒక మనిషి మాటల్ని నేను హాజరు పట్టీలో సంతకం పెట్టినట్టు ముగించేశాను.

ఇది నా ఒక్కడి సంగతే అని అనుకోను. ప్రార్థన కూటంలో మనం చెప్పుకునే మనవులు గమనించండి. ఆరోగ్యం కోసం, ఉద్యోగం కోసం, పిల్లల పెళ్లిళ్ల కోసం ప్రార్థించమంటాం. "దేవుని మీద నాకు ఆశ తగ్గిపోయింది, నాకోసం ప్రార్థన చేయండి" అని లేచి చెప్పినవాళ్లు ఎంతమంది? ఆ మాట చెబితే విశ్వాసంలో వెనకబడ్డామని అనుకుంటారేమోనన్న భయం. అందుకే పాటలు పాడుతూనే ఉంటాం, ఆమెన్ అంటూనే ఉంటాం. లోపల మాత్రం ఎండిపోయి ఉంటుంది.

ఈ వచనం మీద గీసిన బొమ్మలు చాలామంది చూసే ఉంటారు. పచ్చని గడ్డి, నిండుగా పారే సెలయేరు, తల వంచి తాగుతున్న దుప్పి. కీర్తనలో ఉన్న దుప్పికి ఇంకా నీళ్లు దొరకలేదు! ఇక్కడ "ఆశపడు" అని అనువదించిన హీబ్రూ క్రియ చాలా అరుదైనది. ఈ వచనంలో రెండుసార్లు వస్తుంది, మళ్లీ యోవేలు 1:20లో కనిపిస్తుంది. అక్కడ కరవు వచ్చింది, వాగులు ఎండిపోయాయి, మేత కాలిపోయింది, పశువులు దేవునికి మొఱ్ఱపెడుతున్నాయి. ఆ మొఱ్ఱే ఈ ఆశ. నాలుక పిడచకట్టుకుపోయిన జంతువు చేసే చప్పుడు అది.

"ప్రాణము" అన్న మాట కూడా అలాంటిదే. దాని వెనక ఉన్న నెఫెష్ అనే హీబ్రూ పదానికి ప్రాణం అనే కాక గొంతు అనే అర్థం కూడా ఉంది. 69వ కీర్తన మొదట్లో దావీదు నీళ్లు తన ప్రాణం మీదికి వచ్చాయంటాడు. అక్కడున్నదీ ఇదే పదం. గొంతు దాకా మునిగిపోయాను అంటున్నాడన్నమాట. అలా చదివితే 42వ కీర్తనలో రచయిత తన మనసులో కలిగిన ఒక చక్కని భావాన్ని వర్ణించడం లేదు. దేవా, నువ్వు లేక నా గొంతు తడారిపోయింది అంటున్నాడు.

నన్ను ఎక్కువసేపు ఆపేసింది మాత్రం ఆరు, ఏడు వచనాలు. ఆలయ గాయకులైన కోరహు కుమారుల పేరు మీద ఉన్న ఈ కీర్తనలో మాట్లాడే మనిషి, దేవుని ఆలయం ఉన్న యెరూషలేములో లేడు. యొర్దాను ప్రదేశం నుంచి, హెర్మోను పర్వతం నుంచి, మిసారు కొండ నుంచి దేవుణ్ణి జ్ఞాపకం చేసుకుంటున్నానంటాడు. హెర్మోను 2,800 మీటర్లకు పైగా ఎత్తున్న మంచు కొండ. దాని పాదాల దగ్గర పుట్టే ఊటలే యొర్దాను నదికి మూలం. ఆ ప్రాంతంలో నీళ్లకు కొదవ లేదు. ఏడో వచనంలో జలప్రవాహాల ధ్వని వినబడుతుంది, అలలూ తరంగాలూ తన మీదుగా పొర్లిపోతున్నాయని కష్టాల గురించి చెప్పుకుంటాడు. చుట్టూ అంత నీళ్ల హోరు ఉంది. ఈయన దాహం అంటున్నాడు!

నా పరిస్థితి దానికి తలకిందులు. సంఘం ఉంది, బైబిలు ఉంది, వినాలంటే ప్రసంగాలకూ పాటలకూ లోటు లేదు. దేవునికి సంబంధించిన నీళ్ల మధ్యే నిలబడి ఉన్నాను. ఆయన దాహం తీరక ఏడ్చాడు, నేను దాహమే వేయక ఊరుకున్నాను. ఎందుకు వేయలేదు?

సామెతలు 27:7లో సూటిగా జవాబు ఉంది. కడుపు నిండినవాడు తేనెపట్టును కూడా తొక్కేస్తాడు, ఆకలిగా ఉన్నవాడికి చేదు కూడా తియ్యగా ఉంటుంది. తేనెలో లోపం లేదు, కడుపులో చోటు లేదు. పొద్దున కళ్లు తెరవగానే నా చెయ్యి వెళ్లేది ఫోన్ మీదికి. ఎవరేమన్నారు, ఎక్కడేం జరిగింది, ఎవరు ఎవరికి జవాబిచ్చారు. పది నిమిషాలు అనుకుంటే అరగంట అవుతుంది. ఆ తర్వాత బైబిలు తెరిచేసరికి మనసు పొట్ట ఉబ్బరించినట్టు ఉంటుంది. వాటిలో పాపం అని చెప్పదగ్గది ఏమీ లేకపోవచ్చు. చిరుతిండి కూడా విషం కాదు కదా, భోజనం మాత్రం చెడగొడుతుంది. యిర్మీయా 2:13లో దేవుడు తన ప్రజల మీద మోపిన నేరం కూడా ఇదే తీరు. జీవజలముల ఊటను విడిచి, నీళ్లు నిలవని బద్దలైన తొట్లు తొలిపించుకున్నారు అంటాడు. తొట్టి తొలవడమంటే రాయి కొట్టడం, ఎంతో చాకిరీ. ఊట దగ్గరికి నడవడానికి బద్ధకించి, పగిలే తొట్ల కోసం ఒళ్లు హూనం చేసుకున్నారు.

ఉపవాసానికి ఉన్న ఒక ఉపయోగం ఇక్కడే అర్థమైంది నాకు. దేవుణ్ణి ఒప్పించడానికి అనుకునేవాణ్ణి. నా కడుపు దేనితో నిండి ఉందో నాకు తెలియడానికి కూడా అది పనికొస్తుంది. ఫోన్‌కైనా సరే, ఒక పూట ఉపవాసం ఉండి చూడండి, చిరాకు ఎక్కడి నుంచి తన్నుకొస్తుందో తెలుస్తుంది.

అయితే ఖాళీ చేసినంత మాత్రాన ఆకలి పుట్టుకొస్తుందా? జ్వరం తగ్గినవాడికి కడుపు ఖాళీగానే ఉంటుంది, నోటికి మాత్రం ఏదీ రుచించదు. ఆకలి వేశాక తింటానని కూర్చుంటే ఇంకా నీరసిస్తాడు. ఇంట్లోవాళ్లు బతిమాలి రెండు ముద్దలు తినిపిస్తారు. చప్పగా ఉన్నా మింగుతాడు. నాలుగో రోజో ఐదో రోజో నోటికి రుచి దానంతటదే తెలుస్తుంది. "యెహోవా ఉత్తముడని రుచి చూచి తెలిసికొనుడి" అన్న 34వ కీర్తనలో కూడా వరుస అలాగే ఉంది. ముందు రుచి చూడడం, తర్వాత తెలియడం.

ప్రకటన గ్రంథంలో ఎఫెసు సంఘంతో ప్రభువు మాట్లాడిన తీరు చూడండి. మొదటి ప్రేమ వదిలేశావు అంటాడు. మరి ఏం చేయమన్నాడు? మళ్లీ ఆ ప్రేమను అనుభవించు అనలేదు. జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, మొదటి క్రియలు చెయ్యి అన్నాడు. చల్లారిపోయినవాడికి ఇంతకంటే దయగల మాట ఉంటుందా? భావాన్ని బలవంతంగా తెచ్చుకోమంటే నా వల్ల కాదు. మోకాళ్లు వంచమంటే వంచగలను. మన కూటాల్లో కొన్నిసార్లు దీన్ని తిరగేసి చెబుతాం, ముందు అగ్ని రగలాలి అంటాం. ఆదివారం రగిలింది మంగళవారానికి ఆరిపోతే, నా భక్తి అబద్ధమని మనిషి కుంగిపోతాడు.

కాబట్టి ఇప్పుడు నా ప్రార్థన చాలా చిన్నది. ప్రభువా, నీ మీద నాకు ఆశ లేదు. ఉంటే బాగుండునన్న ఆశ మాత్రం ఉంది. ఇది చాలా తక్కువని తెలుసు. కానీ ఇచ్ఛయించడం కూడా మనలో కలిగించేవాడు దేవుడేనని ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో పౌలు అంటున్నాడు కాబట్టి, ఆ చిన్న ఆశ కూడా నాలో నుంచి వచ్చింది కాకపోవచ్చు. 81వ కీర్తనలో దేవుడు తన ప్రజల్ని అడిగింది కూడా పెద్దదేమీ కాదు. "నీ నోరు బాగుగా తెరువుము, నేను దాని నింపెదను."

ఆ రోజు పెట్టిన టిక్‌ను చెరిపేశాను. మర్నాడు కూడా 42వ కీర్తనే చదివాను, మూడో రోజూ అదే. పట్టికలో బాగా వెనకబడ్డాను. మూడో రోజు ఐదో వచనం దగ్గర ఆగి, "నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు?" అని పైకే చదివాను. ఆ మాట దగ్గర గొంతు కొద్దిగా పట్టేసింది.