బుడాపెస్ట్‌లో లెచో వండటం: నా అనుభవం

ఆగస్టు వచ్చిందంటే హంగేరీ రాజధాని బుడాపెస్ట్ మార్కెట్లలో లేత పసుపు మిరపకాయలు గుట్టలుగా దిగుతాయి. పక్కనే బాగా పండిన టమాటాలు. ఇక్కడివాళ్లకు ఆ రెండూ కనిపిస్తే ముందు గుర్తొచ్చేది లెచో. ఉల్లిపాయ, మిరపకాయ, టమాటా, పాప్రికా పొడి (మిరపకాయల్ని ఎండబెట్టి చేసే ఎర్ర పొడి; ఇక్కడ కాయనూ పాప్రికా అనే అంటారు) వేసి మగ్గించే కూర. సరుకు అంతే. నేను మా పక్క ఫ్లాట్ పెద్దావిడ పొయ్యి దగ్గర నిలబడి చూసి నేర్చుకున్నాను.

ముందు కాయ సంగతి. మార్కెట్లో ‘టీవీ పాప్రికా’ అని రాసి ఉన్న కాయలే తీసుకోవాలి. మన బజ్జీ మిరపకాయ కంటే లావుగా ఉంటాయి, కారం ఉండదు. ఆకుపచ్చ కాప్సికం వేస్తే కాస్త చేదు తగులుతుంది, నాకైతే నచ్చదు. పక్కనే సన్నగా, కోసుగా ఉండే కారపు కాయలు కూడా అమ్ముతారు. మన నోటికి అవి ఒకటి రెండు పడితే బాగుంటుంది. కిలో మిరపకాయలకు అరకిలో టమాటాలు, రెండు పెద్ద ఉల్లిపాయలు. టమాటా ఇంతకంటే ఎక్కువైతే అది టమాటా కూర అయిపోతుంది.

కాయలు తరుగుతూ ఆవిడ ఒక పచ్చి ముక్క నా చేతిలో పెట్టి తినమంది. హంగేరీలోనే సెగెడ్ అనే ఊళ్లో సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రవేత్త ఈ పాప్రికా కాయల నుంచే విటమిన్ సి పెద్దమొత్తంలో తీశాడని, 1937లో ఆయనకు నోబెల్ వచ్చిందని సొంత ఊరి మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది. పాప్రికా పొడికి పేరున్న ఊళ్లు కూడా ఆ సెగెడ్, కలొచానే.

ఇక్కడ చాలామంది పంది కొవ్వుతోనో, పొగబెట్టిన బేకన్‌తోనో మొదలుపెడతారు. మేం శాకాహారులం కాబట్టి నేను పొద్దుతిరుగుడు నూనె వాడతాను. ఉల్లిపాయల్ని సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు వేసి, సన్నసెగ మీద మూతపెట్టి మగ్గనివ్వాలి. మన కూరల్లోలాగా ఎర్రగా వేయించకూడదు. ముక్క అద్దంలా మెరిసి, గరిటెతో నొక్కితే నలిగిపోవాలి. పావుగంట పైనే పడుతుంది. లెచోకి చిక్కదనం ఇక్కడే వస్తుంది, తొందరపడితే తర్వాత ఏం వేసినా రాదు.

తర్వాత గిన్నెను పొయ్యి మీద నుంచి దించేయాలి. చిటపటలు ఆగాక ఒక పెద్ద చెంచా తీపి పాప్రికా పొడి వేసి కలపాలి. ఈ పొడిలో చక్కెర శాతం ఎక్కువ, వేడి నూనెలో క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. దించి వేస్తే మాత్రం ఉల్లిపాయల చుట్టూ ఉన్న నూనె మొత్తం కుంకుమ రంగుకు తిరుగుతుంది, కమ్మటి వాసన వస్తుంది. ఆ వెంటనే మిరపకాయ ముక్కలు వేసి మళ్లీ పొయ్యి మీద పెట్టేయాలి. పొగ వాసన ఉండే పాప్రికా స్పెయిన్ వాళ్లది, దీంట్లో వేయకండి. ఆవాలు, జీలకర్ర తాలింపు కూడా వద్దు. ఈ కూరకు పాప్రికా రుచి ఒక్కటే నిలబడాలి.

నీళ్లు చుక్క కూడా పోయను. మూత పెడితే మిరపకాయల్లో నీరే అడుగున ఊరుతుంది. అవి సగం మెత్తబడ్డాక తొక్క తీసిన టమాటాలు వేయాలి. ఈ వరస మార్చొద్దు: టమాటా పులుపు ముందే తగిలితే మిరపకాయ త్వరగా మగ్గదు. ఆఖర్లో మూత తీసి, నూనె అంచుల్లో తేలేదాకా ఉంచితే చాలు.

తెల్ల బ్రెడ్డు ముంచుకుని తినడం ఇక్కడి పద్ధతి. అందులోనే బియ్యం వేసి ఉడికించే లెచో కూడా ఉంది, మా ఇంట్లో పిల్లలకు అదే ఇష్టం.

సెప్టెంబరులో కాయలు చవకైనప్పుడు చలికాలానికి సీసాల్లో పెడతారు. మరుగుతున్న లెచోను వేడి సీసాల్లో నింపి, మూతలు గట్టిగా బిగించి, దుప్పట్లలో చుట్టి తెల్లారేదాకా మెల్లగా చల్లారనిస్తారు. జనవరిలో ఒక సీసా తెరిచి, వేడిచేసి, నాలుగు గుడ్లు కొట్టి కలిపితే పది నిమిషాల్లో రాత్రి భోజనం తయారు.