హార్లెమ్‌లో చందా కవరు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగేసరికే రానుపోను టికెట్లకు ఇద్దరికీ యాభై డాలర్లు దాటింది. ఆ డబ్బుతో హైదరాబాద్ నుంచి వరంగల్‌కు ఇంటిల్లిపాదీ ఏసీ బస్సులో వెళ్ళి రావచ్చని నేను లెక్క కడుతుంటే, "మామయ్యా, ఇక్కడ రూపాయల్లో లెక్కేస్తే మంచినీళ్ళు కూడా కొనలేవు" అన్నాడు మా మేనల్లుడు. టైమ్స్ స్క్వేర్, లిబర్టీ బొమ్మ అంతకుముందే అయిపోయాయి. ఎవరి ఫేస్‌బుక్‌లో చూసినా అవే కాబట్టి వదిలేస్తున్నాను.

మెట్రోలో న్యూయార్క్‌ నల్లజాతి పేట హార్లెమ్‌కు వెళ్ళి, 135వ వీధి దగ్గర దిగి మెట్లెక్కితే అక్కడే షాంబర్గ్ సెంటర్. నల్లజాతి చరిత్రకు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ నడిపే పరిశోధన కేంద్రం. లోపలికి వెళ్ళడానికి పైసా అడగలేదు. నా చిరాకు సగం అక్కడే దిగిపోయింది.

లాబీ నేల మీద పెద్ద వలయం, ఇత్తడి గీతలు, నదుల మీద నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రాసిన పద్యం పంక్తులు. వాటి కింద ఆయన అస్థికలున్నాయి. జనం బూట్లతో దాని మీదుగానే నడిచి పోతున్నారు. నాకు మనసొప్పక అంచున చెప్పులు విప్పాను. గోడ పక్కన కూర్చున్న పెద్దాయన గట్టిగా నవ్వాడు. "వేసుకో బ్రదర్. 1991లో ఇవి ఇక్కడ ఉంచినప్పుడు కవులు మాయా ఏంజెలో, అమిరి బరాకా దీని మీదే డాన్స్ చేశారు."

ఆయన నాటకాలకు లైటింగ్ చేసి రిటైరయ్యాడట. నేనూ ఒకప్పుడు చిన్న పత్రిక నడిపానని చెప్పగానే కుర్చీ దగ్గరకు లాక్కుని 'ఫైర్' కథ ఎత్తుకున్నాడు. 1926లో హ్యూస్, వాలెస్ థర్మన్, జోరా నీల్ హర్స్టన్, బ్రూస్ నూజెంట్ లాంటి కుర్రకారు పెట్టిన పత్రిక. పుట్టిందీ పోయిందీ ఒక్క సంచికతోనే. ఏడుగురు తలా 50 డాలర్లు వేసుకోవాలి, ఇచ్చింది ముగ్గురో ఏమో. గే అయిన నూజెంట్ దాన్ని దాచుకున్న మనిషి కాదు, మగవాళ్ళ ప్రేమ మీద కథ కూడా అందులోనే రాశాడు. కాపీలు మోసుకెళ్ళి అమ్మే పనీ అతనిదే. ఉద్యోగం లేదు కదా, వచ్చిన డబ్బు తిండికే అయిపోయింది. మిగిలిన కాపీలు ఉంచిన ఇల్లు అంటుకుని అవీ బూడిదయ్యాయి. ప్రెస్సు అప్పు తీర్చడానికి థర్మన్ జీతంలో ఏళ్ళ తరబడి కోత పడింది. (హ్యూస్ కూడా గేనా కాదా అని పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.)

అచ్చం మన చిన్న పత్రికల భాగోతమే. కాకపోతే మా దగ్గర ఎవరైనా అమ్మకం డబ్బు తినేసి ఉంటే మర్నాటికల్లా కరపత్రం వేసి వెలేసేవాళ్ళం. వీళ్ళు నూజెంట్‌ను వదులుకోలేదు. అయోలాంత్ సిడ్నీ అనే ఆవిడ 136వ వీధిలో తన ఇంట్లో ఈ కళాకారులకు అద్దె లేకుండా గదులిచ్చింది. ఆ రోజుల్లో హార్లెమ్‌లో అద్దె కట్టలేనివాళ్ళు కార్డులు అచ్చేయించి పంచి, ఇంట్లోనే పార్టీ పెట్టి, గుమ్మం దగ్గర చిల్లర వసూలు చేసి, పియానో మోగించి, చేపలు వేయించి అమ్మి అద్దె గట్టెక్కేవారు. బయట ఎక్కడా చెయ్యి పట్టుకోలేని జంటలకు ఆ ఇళ్ళలో చోటుండేది. ఒకరు దాత, ఒకరు యాచకుడు అన్న తేడా లేదు. ఈ వారం నీది, వచ్చే వారం నాది.

ఎయిడ్స్ కాలం దగ్గరికొచ్చాక పెద్దాయన గొంతు తగ్గింది. హైతీలో పుట్టిన అసోటో సెయింట్ అనే కవి పేరు చెప్పాడు. పబ్లిషర్లు తలుపు తియ్యకపోతే గేలియన్స్ ప్రెస్ పెట్టి, 1991లో వంద మంది నల్లజాతి గే కవుల సంకలనం తెచ్చాడు. ఆయనకూ జబ్బే, 1994లో పోయాడు. కాగితాలన్నీ ఈ భవనంలోనే ఉన్నాయి. "మేము స్నేహితులం వంతులు వేసుకునేవాళ్ళం. సోమవారం సూప్ నాది" అన్నాడు పెద్దాయన. ఆ సూప్ ఎవరికోసమో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

లేవబోతుంటే చొక్కా జేబులోంచి ఒక కవరు తీశాడు. మడతలు నలిగిపోయి ఉన్నాయి. పైన పెన్సిల్‌తో పొట్టి పేర్లు, పక్కన 5, 20, 10, మళ్ళీ 5. ట్రాన్స్ డాన్సర్ ఒకామె మోకాలు విరిగి మంచాన పడిందట, ఈ నెల అద్దెకు వసూలు చేస్తున్నాడు.

"చెయ్యి జేబులోంచి తియ్యకు మామయ్యా, అంతా మోసం" అని తెలుగులో గొణిగాడు మేనల్లుడు. పత్రిక కోసం చందా పుస్తకం పట్టుకుని వీధులు తిరిగినవాణ్ణి, ఆ కవరు పట్టుకున్న తీరు నాకు తెలుసు. పది ఇచ్చాను. మధ్యాహ్నం పులుసూ చారూ లేని ఒక ప్లేటు అన్నానికి అంతకంటే ఎక్కువే పోశాం. పెద్దాయన పేరడగలేదు, "ఇండియా 10" అని రాసుకున్నాడు. తర్వాత కవరు మావాడి వైపు తిప్పి, "ఇంకా నూట నలభై తక్కువ" అన్నాడు. మావాడు నా వైపు గుర్రుగా చూసి ఇరవై తీశాడు. తిరుగు రైల్లో మెటచన్ దాకా ఆ ఇరవై గురించే సణిగాడు.